రేకుడబ్బాలో పదకొండు

మా అత్త ఎఫిగేనియా పోయేనాటికి
బిస్కట్ల రేకుడబ్బాలో పదకొండు దాల్చినచెక్కలున్నాయి.
మూత మీద టోపీ పెట్టుకున్న పిల్ల బొమ్మ,
ముఖం సగం తుప్పు.

తొమ్మిది రాత్రులు జపమాల తిప్పడానికి
వీధి వీధంతా వచ్చింది.
రాత్రికొక చెక్క.
మట్టికుండలో నీళ్ళు, పిలోన్సీయో బెల్లం గడ్డ,
చెక్క మూడు పొంగులు చూశాకే కాఫీపొడి.
ముందే వేస్తే చేదెక్కుతుందని ఆవిడ అనేది.
అనేది కాదు,
గరిటెతో నా మణికట్టు మీద ఒకటిచ్చేది.

ఇరవై ఆరేళ్ళు ఈ వంటింట్లో
మిరపకాయలు నేను కొన్నాను, టమాటాలు నేను,
బతికున్న కోడిని బేరమాడింది నేను.
దాల్చినచెక్క మాత్రం కొననివ్వలేదు.
"నీ వేళ్ళకింకా చెవులు రాలేదు, కాసిల్దా."

పదోనాటి పొద్దున రెండు మిగిలాయి.
ఒకటి పిల్లల పాలబువ్వలో వేశాను.
రెండోదాన్ని డబ్బాలోనే వదిలేశాను,
ఎందుకో అడక్కండి.

శనివారం అత్లీస్కో సంత.
రాత్రి కొండ ఉమ్మిన బూడిద
పందిరిగుడ్డల మీంచి దులుపుతున్నారు.
కొట్టు ఫిదెన్సియో లావుపాటి బెరడు చూపించాడు,
నున్నగా, ఎర్రగా, ఒకే చుట్ట.
"చవక. ఏడాదైనా ఘాటు పోదు."
నొక్కాను. గోరు విరిగింది, అది విరగలేదు.
"దీన్ని తలుపుకి గడియ వేసుకుంటారయ్యా,
కాఫీలో వెయ్యరు."
గొంతు నాదే. మాట నాది కాదు.

వాడు నవ్వి, బల్ల కింద నుంచి కాగితప్పొట్లం తీశాడు.
పొరలో పొర, ఆ పొరలో ఇంకో పొర,
సిలోను నుంచి సముద్రాలు దాటొచ్చిన పల్చటి తోలు.
ఒకటి చెవి దగ్గరికి తెచ్చి రెండు వేళ్ళతో నలిపాను.
పాత ఉత్తరం మడత విప్పుతున్న చప్పుడు.
శాలువా నిండా పొడి.
"విరగ్గొట్టింది కొనాలమ్మా."
"మా అత్త విరగ్గొట్టినవన్నీ కొన్నదా?"
"ఒక్కటీ కొనలేదు," అన్నాడు, టోపీ తీసి.

పావుకిలో అడిగి వంద గ్రాములతో సరిపెట్టాను.
ఎక్కువ కొంటే వాసన డబ్బా తాగేస్తుంది.
పొయ్యికి దూరం, ఎండ పడని అర,
మిరపకాయల పొరుగు వద్దే వద్దు.
పొడి కొట్టి దాచడమంటే
పుట్టినరోజు ముందురోజే కొవ్వొత్తులు ఊదేయడం.
రోట్లో అప్పటికప్పుడు, అదీ చిటికెడు.
మోలె తిన్నవాడికి
చెక్క ఉందని తెలియకూడదు,
లేకపోతే తెలియాలి.
ఇవేవీ ఆవిడ నాకు నేర్పలేదు.
తిట్లలోంచి ఏరుకున్నాను.

కొత్తవి డబ్బాలో పేర్చాను, పాతదాని మీదే.
ఆదివారాలొచ్చాయి, చుట్టాలొచ్చారు,
చిన్నదానికి జ్వరమొస్తే కషాయం కాచాను.
నెల తిరిగేసరికి అడుగున నూకే మిగిలింది.

ఏ పొద్దుటి కుండలో ఆవిడ చెక్క మరిగిందో,
ఎవరు తాగారో.
వేళ్ళకి చెవులొచ్చాయనే అనుకున్నాను.
అది విరిగినప్పుడు మాత్రం
వినపడలేదు.