తాళం చెవులు

భౌతికశాస్త్ర భవనం అడుగున, ఆవిరి గొట్టాల పక్క గదిలో
ఒటకార్ హ్రుష్కా చెవులకు పళ్ళు కోస్తుంటాడు.
పైన మొక్కజొన్న మైదానాల చలి,
అతని ముంజేతుల మీద ఇత్తడి పొడి.

విశ్వవిద్యాలయం ఎంతదో తెలుసుకోవాలంటే
రంగుల పుస్తకం ఒకటి పంచుతారు.
యాభై వేల మంది విద్యార్థులు, మూడు వందల భవనాలు,
గడ్డి మీద కూర్చుని నవ్వే ఆరుగురు.
ఒటకార్‌ని అడిగితే
గోడ నిండా ఉన్న కొక్కేల వైపు గడ్డం ఎత్తుతాడు.

ఇది విత్తనాల గదిది. ఇప్పుడు ఎవరి పొలంలోనూ లేని గోధుమలు
లోపల గడ్డకట్టి నిద్రపోతున్నాయి.
ఇది పశువుల కొట్టానిది. అక్కడొక ఆవు డొక్కలో మూత ఉంది,
తీసి చెయ్యి పెడితే, నెమరుకి ముందరి గడ్డి వెచ్చగా తగులుతుంది.
ఇది సంగీతం వాళ్ళది, వానాకాలం తలుపు బిగుస్తుంది.
ఇదేమో ఎముకల గదిది.
ఆ ఎముకల్ని వాళ్ళ మనవలకి అప్పగించేశారు, పాతికేళ్ళయింది.
ఖాళీ గదికి ఇంకా తాళం వేస్తూనే ఉన్నారు.

చెవి అని పేరే గానీ
వినేది అది కాదు, అతను.

జనవరిలో ఒక రాత్రి రెండింటికి ఫోను.
పురుగుల ప్రయోగశాల బయట, ఒక చేతికే గ్లవ్‌తో
లెసోతో అమ్మాయి పూలెంగ్.
చెవి మంచులో ఎక్కడో జారిపోయింది.
లోపల వెంట్రుక మందం పురుగులు,
నాలుగు గంటలకోసారి లెక్కపెట్టాలి.
"ఏం తేలింది?" తలుపు తీస్తూ అడిగాడు.
"ఆరేళ్ళయింది. ఇంకా ఏమీ లేదు."
అతనికి నవ్వు రాలేదు. తన పనీ అంతే కదా:
ఆకురాయితో ఒక గీటు, తాళంలో పెట్టి చూడటం,
తిరగకపోతే ఇంకో గీటు.

నిధులు కోసిన ఏడాది పక్క బల్ల ఖాళీ అయింది.
కొత్త తలుపులకి కార్డులొచ్చాయి.

అడుగు కొక్కేనికి ఒక చెవి, పదకొండు వందల డెబ్భై నాలుగు.
ఏ తలుపుదో రిజిస్టర్లో లేదు.
పారెయ్యమన్నారు ఇద్దరు డైరెక్టర్లు.
అతను ప్రతి శుక్రవారం మధ్యాహ్నం
ఒక కొత్త తలుపు దగ్గర ఆగుతాడు.

ఏప్రిల్లో మంచు కరిగి గడ్డిలోంచి చెవులు తేలాయి.
తోటపనివాళ్ళు దోసిట్లో పట్టుకొచ్చారు, పూలెంగ్‌ది కూడా.
ఆ శుక్రవారం
వృక్షశాస్త్రం పాత మెట్ల కింద, పెయింటు పొలుసులు రాలే తలుపు.
పెట్టాడు.
దూరింది. తిరగలేదు.

నోటుబుక్కులో తారీఖు వేసి
ఒక్క మాట రాసుకున్నాడు:
దూరింది.