ఏడో గ్లాసు

పెకలోంగన్‌లో నదిని చూసి చెప్పేయొచ్చు
ఈ వారం ఏ రంగు సరోంగుకి గిరాకీయో.
సోమవారం గులాబీ. గురువారానికి నెమలికంఠం.
పండగ ముందు అన్నీ కలిసిపోయి
పేరు పెట్టలేని ఒక నలుపు.

రుమియాతి ముప్పై ఏళ్లుగా బాతిక్ బట్ట ముంచే మనిషి.
అన్నం కలిపే వేళ్ల గోళ్లని
ఎప్పుడో నీలిమందుకి రాసిచ్చేసింది.
మిగిలిన తొట్టి నీళ్లు కాలవలోకి ఒంపేటప్పుడు
మొహం అటు తిప్పుకుంటుంది,
బాకీ ఉన్న కొట్టు ముందు నడిచినట్టు.

ఇది దురియన్ల కాలం.
జనం గుజ్జు తిని విసిరేసిన ముళ్ల తొక్కల్ని
మేనకోడలు నింగ్రుమ్ గోనెలకెత్తింది.
ఎండేసింది, మూతపెట్టి కాల్చింది, దంచింది.
పాత పెయింటు డబ్బాకి అడుగున చిల్లులు,
కొబ్బరిపీచు, ఇసుక, ఆపైన ఆ బొగ్గు.

"పొయ్యత్తా."

పోసింది, గులాబీ తొట్టిలోంచి ముంచి.
కింద గ్లాసులో
చుక్క.
చాలాసేపటికి ఇంకో చుక్క.
తేటగా.
గ్లాసెత్తి వెలుతురుకి పట్టింది రుమియాతి.
గాజుకి అవతల తన వేళ్లు కనబడ్డాయి.
నవ్వలేదు.
"రంగెటు పోయింది?"

"బొగ్గు పట్టుకుంది. దాని లోపలన్నీ గదులే."

"గదులు నిండితే?"

ఏడో గ్లాసు
అబద్ధం దొరికిపోయిన పిల్లలా
లేతగా ఎరుపెక్కింది.

ఇప్పుడు గోడవారన పదకొండు గోనెలు.
నది తాగకుండా తప్పిన రంగంతా
నల్లగా, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.
ఎక్కడ పారబొయ్యాలో నింగ్రుమ్‌కీ తెలీదు.

వాన మొదలైంది.
రుమియాతి లేచి
ఆరేసిన బట్టల మీద కప్పే పట్టా లాగి
బట్టల్ని తడవనిచ్చి
గోనెల మీద కప్పింది.