పద్నాలుగు చుట్లు

బాప్తిస్మమంటే ఏందో తెలుసా పెదనాయనా
అని పాస్టర్ జెకర్యా అడిగిండు.
ఇరవై ఆరేండ్ల పిలగాడు,
నేను జలమండలిల చేరినంక పుట్టినోడు.
నవ్వొచ్చింది.
నీళ్ళ సంగతి నన్నడుగుతున్నవా బిడ్డా?

ముప్పై ఒక్క ఏండ్లు పార్సీగుట్టల నీళ్ళొదిలిన.
ఏ గల్లీకి ఏ రోజు, ఎంతసేపు,
అంతా ఈ భుజం మీది ఇనుప చావిలనే ఉండె.
రోడ్డు నడుమ మూత, మూత కింద వాల్వు.
పద్నాలుగు చుట్లు తిప్పితే పూరా ధార.
తొమ్మిది కాడ ఆపితే
మీది బస్తీల బిందెలు సగమే నిండుతయి.
మిగిలిన సగం ఎటు పోయిందో
ఫంక్షన్ హాలు మేనేజరుకెరుక, నాకెరుక,
మా ఇంట్ల ఉన్న ఫ్రిజ్జుకెరుక.

నీళ్ళు కడుగుతయని అందరంటరు.
నేను నమ్మ.
మంజీర చూసిన, కృష్ణ చూసిన,
పైపు పగిలి మోరి కలిసినయి గూడ
పుక్కిలించి చూసి చెప్పిన.
మన మురికి నీళ్ళకంటుతది గని
నీళ్ళ మంచితనం మనకంటంగ నేను చూడలే.

కడుగుడొక్కటే కాదు పెదనాయనా, అన్నడు,
పూడ్చిపెట్టుడు.
పాత మనిషిని పూడ్చిపెట్టుడు.

గప్పుడు ఊకున్న.
పూడ్చుడు నాకు తెలిసిన పని.
ఎన్ని పైపులు పూడ్చిన, వాటి మీద ఎంత తారు పోసిన.
పోయినేడు మే నెలల
ఒక తొమ్మిది చుట్ల పొద్దును గూడ పూడ్చిన.
ఆ పొద్దు ఎస్తేరమ్మ బిడ్డ,
ఏడు నెలల మనిషి,
కింది బోరు కాడ్నించి బిందె మోసుకొస్తూ
మెట్ల మీద జారింది.
బిందె సొట్టపోయింది. కడుపు పోయింది.
నన్నెవలూ ఏమనలే.
వాల్వు మూత కింద ఏం జరిగిందో
ఎవలికి కనబడుతది?

పేరు మార్చుకుంటవా అని అడిగిన్రు.
రాజమల్లు అనే సర్వీసు బుక్కుల ఉన్నది,
తప్పులు చేసినోడు గూడ రాజమల్లే,
వాన్నే ముంచున్రి అన్న.

ఆదివారమొచ్చింది.
మా గుట్టకు నీళ్ళ వంతు కాదు.
రేకుల చర్చెనుక సిమెంటు తొట్టి ఎండి
అడుగున రెండు బల్లులు ఆడుతున్నయి.
ట్యాంకరుకు పైసల్లేవు.
జెకర్యా నా చావి దిక్కు చూసిండు.
నేను నేల దిక్కు చూసిన.

ఎవలు చెప్పిన్రో, ఎట్ల తెలిసిందో,
మెట్లెక్కి ఆడోళ్ళు రావట్టిరి.
ఒకామె బిందె, ఒకామె బకెట్టు,
ఒక పొట్టోడు కూల్‌డ్రింకు సీస నిండ.
నిన్న పట్టుకొని దాచుకున్న తాగే నీళ్ళు.
యొర్దాను అడ్డం ఎవలూ వాల్వు పెట్టలే,
గీ తొట్టి మాత్రం
నేను కొలిచి కొలిచి ఇచ్చిన నీళ్ళతోనే నిండాలె.

ఎస్తేరమ్మ తేలే.
"నా నీళ్ళల్ల వాణ్ణి మునగనియ్య" అన్నదట.
న్యాయమే.
ఒట్టి చేతులతోని వచ్చి గోడకానుకొని నిలబడ్డది.

నడుముదాక రాలే నీళ్ళు.
మోకాళ్ళ మీద కూసుంటె గని మునగలే.
పిలగాడు నా ముక్కు పట్టి ఎనుకకు వంచిండు.

మూడు క్షణాలేనంటరు చూసినోళ్ళు.
అలవాటు పోతదా, లోపట నేను లెక్కబెట్టిన.
ఒకటి, రెండు, ఆరు, ఏడు,
తొమ్మిది కాడ ఛాతి ఇగ చాలన్నది.
ఆ చెయ్యి ఇంకా నొక్కే ఉన్నది.
తొమ్మిది దాటినంక నాకు లెక్క తెల్వదు.
ఎవలు తిప్పిన్రో ఆ తర్వాతి చుట్లు
నాకు తెల్వదు.

లేపిన్రు.
ఎండ, రేకులు, ఎవలిదో తువ్వాల.
పాడుతున్నరు గావచ్చు, పెదవులు కదులుతున్నయి.
ఎస్తేరమ్మ తొట్టి దాక వచ్చింది.
నా మొకం చూసింది చానసేపు,
బిందె నిండిందా లేదా అని చూసినట్టు.
ఏదో అన్నది.

చెవుల నిండ నీళ్ళు.
మళ్ళ చెప్పమన్న.

"ఎల్లుండి మా గల్లీ వంతు"
అని మళ్ళ చెప్పింది.