రెండు మిల్లీమీటర్లు

గుణుపురం స్టేషను రోడ్డు, నా రేకుల షెడ్డు.
కాశీనగరం మందులకొట్టు పాణిగ్రాహి గారి కారు
పొద్దుటి నించీ జాకీ మీద ఒరిగి నిలబడి ఉంది.
దాని కింద అట్టముక్క,
అట్టముక్క మీద అరచేయంత నూనె మరక.

ఇది మూడోసారి.
నేను సీలు మార్చడం,
నెల తిరక్కుండా అదే మరకతో అతను రావడం.
"ఏటి మేస్త్రీ, లోపం నా కారుదా, నీ చేతిదా?"
తిట్టడం తెలుగులో, బేరం ఒడియాలో.

హబ్బు నట్టు చక్రం నేల మీదుండగానే వదులు చెయ్యాలి.
పానాకి పైపు తొడిగి
ఈసాకు గొమాంగో రెండు కాళ్లతో ఎక్కి ఎగిరితే గాని
కదల్లేదది.
బాల్ జాయింటు సుత్తి మాటే వింటుంది.
గేరాయిలు తట్టలోకి దిగింది
నల్లగా, చిక్కగా, గంధకం కంపు కొడుతూ.

గేరుబాక్సు అంచున గునపం మొన దూర్చి
ఒక్క కుదుపు.
ఈత కష్టమైన గేదె దగ్గర
దూడ కాళ్లు పట్టి లాగినట్టు
ఇద్దరం నాలుగు చేతులా అందుకున్నాం
జారిపోయే ఆ షాఫ్టుని,
రబ్బరు బూటు చిరక్కుండా.

నేను సీలు పీకుతున్నాను.
గుంటడు పాత బనీనుతో షాఫ్టు తుడుస్తూ తుడుస్తూ
"ఇక్కడ గోరు ఆగుతోందన్నా" అన్నాడు.

సీలు పెదవి ఆనే చోట
చుట్టూతా వెంట్రుకంత గాడి.
లక్ష కిలోమీటర్లు ఒకే చోట రాసుకుంటే
రబ్బరు ఇనుముని తినేస్తుంది.
మూడుసార్లు కొత్త రబ్బరు తెచ్చి
ఆ గాడిలోనే కూచోబెట్టాను నేను.

కొత్త షాఫ్టంటే విజయనగరం నించి రావాలి,
పదకొండు వేలు.
ఈసాకు నేల చూస్తూ అన్నాడు:
"దుర్యోధన్ మేస్త్రీ అయితే సీలుని అడుగుదాకా దించడు.
రెండు మిల్లీమీటర్లు ముందే ఆపేస్తాడు.
పెదవి కొత్త ఇనుము మీద ఆనుతుందిగా."

దుర్యోధన్ బెహరా.
పాతపట్నం నించి సంచీతో దిగిన పదహారేళ్లవాణ్ని,
ఆ పేరు విని నవ్వాను.
పానాతో వేళ్ల మీద ఒక్కటిచ్చాడు.
ఆ వేళ్లకే పని నేర్పాడు తర్వాత పన్నెండేళ్లు.
షెడ్డు పంచుకున్న రోజు
కంప్రెసరు పెట్టుకునే జాగా దగ్గర
సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నది
అతను కాదు,
నేను.

నాలుగేళ్లు.
రోడ్డుకి అటొకడు, ఇటొకడు.
హారను మోగితే ఇద్దరం తలెత్తేవాళ్లం
ఒకడి మొహం ఒకడు తప్పించి.

షాఫ్టుని గోనెసంచిలో చుట్టి
భుజాన వేసుకుని రోడ్డు దాటాను.

అతను కళ్లజోడు నుదుటి మీంచి దింపాడు.
గోరు పెట్టి తిప్పాడు. ఏమీ అడగలేదు.
లోపలికెళ్లి, చాలాసేపు డబ్బాలు కదిపి
అరిగిన బేరింగు కప్పొకటి తెచ్చాడు.
అంచుకి ఎప్పుడో అతికించిన రేకు.
కొలవక్కర్లేదు, రెండు మిల్లీమీటర్లే.
"ధీరే పిట" అన్నాడు.
నేను గుమ్మం దాటుతుంటే వెనక నించి
"ఆ కంప్రెసరు ఎలాగుంది?"
"నీళ్లు కక్కుతోంది."
"రోజూ అడుగు వాల్వు తిప్పవా మరి!"

పెదవికి గ్రీజు రాశాను.
కప్పు ఆన్చి చుట్టూ చిన్న చిన్న దెబ్బలు,
రేకు తగిలి కప్పు దానంతటదే ఆగింది.
షాఫ్టు తోశాం. లోపల రింగు టక్కుమంది.
ఆ చప్పుడు చెవిన పడందే చక్రం ముట్టుకోకూడదు.
ఈసాకు విన్నాడు. నేను విన్నానో లేదోనని చూశాడు.

ఆయిలు నింపి,
రాత్రికి బిస్కెట్ల కార్టను చింపి కొత్త అట్ట పరిచాను.

తెల్లారి చూస్తే అట్ట మీద
ఒకే ఒక్క చుక్క.
రేకు మీంచి రాలిన మంచు కావచ్చు.
వేలితో అద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
గంధకం లేదు.
మళ్లీ వాసన చూశాను.

రోడ్డు అవతల షట్టరు లేస్తున్న చప్పుడు.
బేరింగు కప్పు నా జేబులోనే ఉండిపోయింది.