కత్తి పోయి కత్తెర

కిసిమీ దాటాక చిత్తడినేల ఎండగట్టి
తవ్విన చెరువులో కదలని ఓడ ఒకటుంది.
అదే మా రెస్టారెంటు.
పందొమ్మిదేళ్లుగా అందులో వడ్డిస్తున్నాను,
టోపీ మీద లంగరు బొమ్మతో,
రొమ్ము మీద బిళ్ల పెట్టుకుని: నెరీడా.

నేను చేరిన కొత్తల్లో
విల్నేర్ ఇంకా చీకటుండగానే వచ్చేవాడు.
మొక్కజొన్న గింజలు కత్తితో కోసి
ఒట్టి కండెల్ని పారెయ్యకుండా నీళ్లలో మరిగించేవాడు.
"రుచంతా ఎముకలోనే ఉంటుంది,
మనిషికైనా, పొత్తుకైనా."
తర్వాత రొయ్యలు. తర్వాత, అడక్కుండానే, వేడి రొట్టె.
పదకొండు డాలర్లు.

ముందు రొట్టె పోయింది.
ఆరునెలలకి మెనూలో వేరే వరసలో తిరిగొచ్చింది,
తొమ్మిది డాలర్లు తగిలించుకుని.
తర్వాత గిన్నెలు మారాయి:
అంచు చేటంత, లోతు చిప్పంత.
ఏడో చెంచాకి అడుగు తగులుతుంది, నేను లెక్కపెట్టాను.

ఇప్పుడు సూప్ లారీలో వస్తుంది,
ఇటుకల్లా గడ్డకట్టిన సంచుల్లో.
విల్నేర్ వాటిని వేడినీళ్లలో ముంచి
మూల కత్తిరించి వంపుతాడు.
ముప్పయ్యేళ్ల వంటవాడి చేతిలో
కత్తి పోయి కత్తెర మిగిలింది.

కొత్త మేనేజరు కీగన్ మమ్మల్నందర్నీ నిలబెట్టి చెప్పాడు:
"మనం అమ్మేది తిండి కాదు, అనుభవం."
అనుభవానికి ఉప్పు ఎంత వెయ్యాలో
చెప్పలేదు.

జనవరి ఒకటి. పద్నాలుగో టేబులు.
తండ్రీ, ఇద్దరు పిల్లలూ. చేతులకి పార్కు పట్టీలు,
పిల్లాడి చెవుల మీద ఇంకా ఎలక చెవులో, కుందేలు చెవులో,
మా పార్కులో ఏడాదికో జంతువు.
తండ్రి మెనూ తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.
ముప్పై ఒకటి.
పిల్లలిద్దరికీ చెప్పాడు.
"నాకు ఆకలి లేదు," అన్నాడు నాతో,
నేనేదో అడిగినట్టు.
మంచినీళ్ల గ్లాసు నాలుగుసార్లు నింపాను.

పిల్ల రెండు చెంచాలు తాగి మొహం పెట్టింది.
"డబ్బా వాసనొస్తోంది, నాన్నా."
ఆకలి లేని మనిషి ఆ గిన్నె తనవైపు లాక్కుని
అంచులు కూడా గీక్కుని తిన్నాడు.
ముప్పై ఒకటి మరి. ఎక్కడికి పోతుంది?

వంటింట్లోకి వెళ్లి ఊరికే చెప్పాను, అంతే.
విల్నేర్ మాట్లాడకుండా తన టిఫిన్ డబ్బా మూత తీశాడు.
గుమ్మడికాయ సూప్, వాళ్ల హైతీది.
ఏడాది మొదటి రోజున ప్రతి ఇంట్లో పొయ్యి మీద అదే.
వండినవాళ్లు తాగకూడని సూపట అది, దొరలున్నప్పుడు.
స్వతంత్రం వచ్చిన పొద్దున
అందరూ కూర్చుని మొదట తాగిందీ అదేనట.
ఏటా చెబుతాడు. ఏటా మొదటిసారి చెప్పినట్టే చెబుతాడు.
ఈసారి చెప్పలేదు.
మూలనున్న పాత లోతు గిన్నె ఒకటి కడిగి
నిండా పోసి ఇచ్చాడు.

"నేను చెప్పలేదే ఇది," అన్నాడు తండ్రి, భయంగా.
"మా వంటవాడు చెప్పాడు," అన్నాను.

మొదటి చెంచాకి ఆగిపోయాడు.
తర్వాత పిల్లకి తాగించాడు. తర్వాత పిల్లాడికి.
గిన్నె ముగ్గురి మధ్యా తిరిగింది.
తొమ్మిదింటి బాణాసంచా మొదలై
ఓడ కిటికీలన్నీ గజగజ వణికాయి.
ముగ్గురిలో ఒక్కరూ తలెత్తలేదు.

బిల్లు దగ్గర యంత్రం ముందు నిలబడ్డాను.
రొట్టెకి బటనుంది. నిమ్మచెక్కకుంది.
కిటికీ పక్కన కూర్చున్నందుక్కూడా ఉంది.
దీనికి లేదు.

వెనక్కి వచ్చేసరికి
విల్నేర్ సంచి అంచుకి అంటిన సూప్‌ని
వేలితో తుడిచి నాకి చూస్తున్నాడు,
ఏదో గుర్తుతెచ్చుకుంటున్నట్టు.
"కండె లేదు ఇందులో," అన్నాడు.
కత్తెర అందుకున్నాడు.
పదహారో టేబులు ఎదురుచూస్తోంది.