గరుకు కాగితం

ఫిజిక్సు పోయింది.
"ఎండాకాలమంతా ఇంట్లో నీ మొహం చూళ్ళేను,
పోయి ఆ మొక్కలకన్నా నీళ్ళు పొయ్యి" అనింది అమ్మ.
అట్టా నేను స్వచ్ఛంద సేవకుణ్ణయ్యా.

ఉదయగిరిలో ఐదింటికే వెలుతురొస్తది.
దుర్గం రాయి ఇంకా నిన్నటి వేడి మీదే ఉంటది.
పాత పశువుల ఆసుపత్రి వెనక
పచ్చ వల కింద, పాల ప్యాకెట్లలో
మా అడివి.
జానెడు కూడా లేదు ఎత్తు.

రెండు తట్టల ఎర్రమట్టి, తట్ట ఇసక, తట్ట మాగిన ఎరువు.
చెంచురామయ్య లెక్క.
పులుసులో ఉప్పు చూసినట్టు
రెండు వేళ్ళతో నలిపి, "మళ్ళా కలుపు" అంటాడు.
మూడో తరగతి హనీఫా ప్యాకెట్ల మూలలు కత్తిరిస్తది.
బ్యాంకులో రిటైరైన సుగుణమ్మగారు
ఐస్‌క్రీం పుల్లల మీద పేర్లు రాస్తారు,
డీడీ రాసినంత జాగ్రత్తగా:
ఏగిస. తపసి. మొర్రి. ఊడుగ. బిక్కి.
సగం పేర్లు నేనెప్పుడూ వినలా.
మిగతా సగం తిట్లనుకున్నా.

రోహిణి కార్తెకి రోళ్ళు పగుల్తయ్యంట.
రేల గింజ పగల్లేదు.
నానబెట్టాం. మరిగిన నీళ్ళు పోశాం.
చెంచురామయ్య ఒకటి కొరికి
దవడ పట్టుకోని కూచున్నాడు.
ఇరవై రోజులు, రెండొందల ప్యాకెట్లు,
ఒట్టి మట్టికి నీళ్ళు పోశాం మేం.

అప్పుడొచ్చింది జిలానీబీ, హనీఫా నాయనమ్మ,
పిల్లకి సద్ది తెచ్చి.
చెక్క గరిటెలకి నునుపు పెట్టే మనిషి.
వేలిముద్ర పడక నెలనెలా
రేషన్ మిషనుతో పోట్లాడే చేతులు.
కొంగుముడిలోంచి అరిగిన గరుకు కాగితం ముక్క తీసి
ఒక గింజ రుద్దింది,
గరిటె అంచు రుద్దినట్టే,
ఊదుతా, ఎండకి పెట్టి చూస్తా.
గోధుమరంగు పొరలో ఒక తెల్ల చుక్క.
"చాలు. ఇంకా రుద్దితే చచ్చిపోద్ది."

వారమంతా అదే పని మాకు.
రుద్దడం, ఊదడం, ఆపడం.
ఆపడమే రాదు.
మొదటి యాభై గింజలు నేను చంపేశా.
(ఘర్షణ గురించి వచ్చిన ప్రశ్న
పరీక్షలో వదిలేసి వచ్చినోణ్ణి మరి.)

ఆరోనాడు మట్టి పైకుబికింది.
ఒకటి. పక్కన ఇంకోటి.
గింజ డొప్పని టోపీలా నెత్తిన పెట్టుకోని
వంగి నిలబడిందొకటి, బడికి లేటైనట్టు.
నూట పన్నెండు, అని పుస్తకంలో రాశారు సుగుణమ్మగారు,
మళ్ళీ లెక్కపెట్టి నూట పదమూడు చేశారు.

జిలానీబీ వాటిని పెద్దగా పట్టించుకోలా.
చివరి వరసలో ఒంగి
నిగనిగలాడే రెండాకుల్ని తడుముతా ఉంది,
ఎదురెదురుగా, ఇంకా ముడత విప్పుకోని ఆకులు.
"ఇదేంది?"
నేను పుల్ల చదివా. బిక్కి.
"బిక్కా?"

కాసేపు ఏం మాట్లాళ్ళా.
"ముప్పై ఏళ్ళు చేశా దీంతో. పాయసం గరిటెలు, అట్లకాడలు, దువ్వెనలు.
ఇంటికి మొద్దుగానే వచ్చేది.
ఆకు ఎట్టుంటదో
ఎవురు చూశారు."

ఇది గరిటెకి ఎప్పటికొస్తది, అని అడగబోయినా.
చెంచురామయ్య నా కాలు తొక్కాడు.

ట్యాంకరొచ్చింది. గొట్టం పట్టుకోని నేను,
మట్టి ఎగిరేట్టు కొట్టా నీళ్ళు.
"నెమ్మది అబ్బయా" అని
బిక్కి మీదికి అడ్డంగా చెయ్యి పెట్టిందామె.
గీతల్లేని ఆ వేళ్ళ సందుల్లోంచి
సన్నంగా, ఆగి ఆగి,
దిగాయి నీళ్ళు.

పరీక్షింకా తొమ్మిది రోజులుంది.