దొంగ సీల

పర్లాకిమిడి సంతరోజు పొద్దున్నే
అనాసకాయల గంప దించి
సుమారి తన కత్తి బల్లమీద పెట్టింది.
అలగు బాగానే ఉంది. పిడే పోయింది.

మూడు ఇనప సీలలు. పులుపు తిని తిని
తలలు ఒరిసిపోయి, అంచులు ముళ్లై లేచాయి.
ఆమె అరచెయ్యి చాపింది:
బొటనవేలి మొదట్లో, వరసగా
మూడు కాయలు కాసి ఉన్నాయి.
"ముక్కకి నల్లమచ్చ అంటుతోంది,
కొనీవోలు పక్కబండికి పోతన్నారు.
నాకు కనపడని సీలెయ్యి."

నీలాచలం మావ కొమ్ముపలకని ఎండకెత్తి చూస్తూ
"కనపడకపోతే ఏసినట్టు ఎవుడు నమ్ముతాడే?" అన్నాడు.
"పట్టుకునేది నాను గదా."

అలా నా చేతికొచ్చింది పని.
దున్నకొమ్ము. బొగ్గులమీద కాచి
రెండు రాళ్లమధ్య రాత్రంతా అణిచి
చదును చేసిన పలకలు రెండు.
కాచినప్పుడు వెంట్రుక కాలిన వాసన,
మూడు నీళ్లు పోసుకున్నా వదలదు.
మా వీధి పిల్లల పక్కన
బళ్లో ఎవరూ కూచునేవారు కారు.

కత్తి తోకలో కన్నాలు ఇటునుంచి అటు కనిపిస్తాయి.
పలకల్లో మాత్రం సగం లోతే తవ్వాలి.
బరమా మొనకి ఎర్రదారం చుట్టి
"దారం కొమ్ముని తాకిందా, ఆగిపో" అన్నాడు మావ.
అగ్గిపుల్ల మందాన ఇత్తడి సీల:
ఒక కొస ఈ పలకలో, ఒక కొస ఆ పలకలో,
నడుం ఇనుములో.
బైటికి ఏమీ లేదు,
రాత్రి మహేంద్రతనయ నీళ్లలా నల్లటి నిగనిగ.

మొదటిది ఆగింది. రెండోది, మూడోది, నాలుగోది.
ఐదోదాని దగ్గర గుణుపురం రైలు కూతేసింది.
నా చెవికంటే ముందు నా చెయ్యి విన్నది.
దారం లోపలికెళ్లిపోయింది.
నల్లకొమ్ములో
ఆవగింజంత వెలుతురు.

మావ తిట్టలేదు. తిడితే బాగుండేది.
కొమ్ముపొడి జిగురులో కలిపి
చీపురుపుల్లతో కూరాడు.
తర్వాతంతా మామూలే. లోపలిముఖాలు గరుకు చేసి,
జిగురు రాసి, సీలలు చోటు దొరికించుకునేదాకా
అరచేత్తో అదిమి, పాత సైకిల్ ట్యూబు పీలికతో
విరిగిన చెయ్యికి కట్టినట్టు బిగించి పడుకోబెట్టాం.
తెల్లారి ఆకురాయి, గరుకుకాగితం, చివర్న ఆముదం.

సుమారి వచ్చింది. మాట్లాడలేదు.
బొటనవేలిని ఎడమపలక మీద నడిపించుకుంటూ పోయి
సరిగ్గా అక్కడే ఆపింది.
నేను నేల చూశాను.
డబ్బులిచ్చి, పైన ఒక కాయ పెట్టి పోయింది.
అది కోస్తే పుల్లగా ఉంది.

మళ్లీ అనాసలు దిగాయి.
మళ్లీ ఆమే, ఈసారి చెల్లెలి కత్తితో.
"దీనికీ ఆ పొక్కు ఎట్టు.
సాయంత్రం కరెంటు పోయినపుడు
ఏలు దానిమీద పడిందంటే
పదును కిందనున్నట్టు."

మావ నావంక చూసి
బరమాకున్న దారం విప్పేశాడు.

మూడు పలకలు పాడుచేశాను.
ఒకటి పగిలింది. ఒకటి మరీ పెద్దదైంది.
ఒకటి ఎంత అందంగా వచ్చిందంటే
కూరి అరగదీశాక వేలికే దొరకలేదు.

నాలుగోదాన్ని బల్లకి బిగించి
రైలు కోసం చూస్తున్నాను.
ఇవాళ లేటట.